లీవ్ కాగితం మీద సైకియాట్రిస్ట్ ముద్ర: ఆఫీసులో ఇవ్వాలా, వద్దా?

కాలువగట్టు | మంగళవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో బ్రాంచ్ మేనేజర్‌ని. ప్రకాశం వైపు పల్లెటూరి బ్రాంచి. నేను, ఒక ఆఫీసర్, ఒక క్యాషియర్, ఒక సబ్‌స్టాఫ్, అంతే. ఇంకో ఆఫీసర్ ఉండేవాడు. ఏడాదిన్నర కిందట ట్రాన్స్‌ఫరై వెళ్ళాడు. ఆ కుర్చీలో ఇప్పుడు గోల్డ్ లోన్ ఫైళ్ళు కూర్చున్నాయి.

ఆరు నెలల నుంచి నాకో జబ్బు పట్టుకుంది. సాయంత్రం స్ట్రాంగ్‌రూమ్ తాళం వేసి, షట్టర్ దించి బండెక్కుతాను. మూడు కిలోమీటర్లు వచ్చేసరికి తాళం వేశానా లేదా అని అనుమానం. వెనక్కి వెళ్ళి లాగి చూస్తే వేసే ఉంటుంది. మొదట్లో వారానికోసారి ఇలా జరిగేది. ఇప్పుడు రోజూ. ఒకరోజు అన్నం కలిపి మధ్యలో లేచి, పద్నాలుగు కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు, కంచం మీద మూత పెట్టింది.

రాత్రి 8 గంటలకు పైఅధికారులతో వీసీ, అంటే వీడియో కాన్ఫరెన్స్ ఉంటుంది. మన పేరు పిలుస్తారని తెలిసిన రోజు ఐదింటి నుంచే గుండె దడ. ఇన్సూరెన్స్ ఎన్ని, ఎస్‌ఎంఏలు (వాయిదాలు తప్పుతున్న అప్పులు) ఎన్ని కిందికి దిగాయి, డ్వాక్రా రెన్యూవల్స్ ఎందుకు ఆగాయి... జనవరిలో ఒకరోజు ఛాతీ పట్టేసింది. ఒంగోలు వెళ్ళి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించాను. అన్నీ నార్మల్. చివరికి ఆ గుండె డాక్టరే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాడు. ఆయన మందులు రాసి, మూడు వారాలు సెలవు తీసుకోమని సర్టిఫికెట్ ఇచ్చాడు.

నా బాధల్లా ఆ లెటర్‌హెడ్. పేరు కింద పెద్ద అక్షరాల్లో సైకియాట్రిస్ట్ అని ఉంది. అది రీజినల్ ఆఫీసులో పడితే సాయంత్రానికల్లా జోన్ అంతా తెలిసిపోతుంది. వచ్చే ఏడాది ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. తెలిసిన ఫిజీషియన్ ఒకాయన టైఫాయిడ్ అని రాసిస్తానన్నాడు. ఏది ఇవ్వమంటారు?

నైట్‌షిఫ్ట్_నాని | బుధవారం, 12:20

అన్నా, టైఫాయిడ్ వద్దు. నేను డెంగ్యూ అని చెప్పి ఇరుక్కున్నాను, గచ్చిబౌలిలో, మూడేళ్ళ కిందట. రెండు వారాలు సెలవు పెట్టాను. అసలు సంగతి పానిక్ అటాక్స్. మా మేనేజర్ మంచివాడే, రోజూ ప్లేట్‌లెట్లు ఎంతున్నాయని మెసేజ్ పెట్టేవాడు. నేను గూగుల్‌లో చూసి అంకెలు పెంచుతూ పోయాను. ఒకరోజు తప్పుగా రెండు లక్షల ఎనభై వేలు అని పెట్టాను. 'అయితే తగ్గిపోయినట్టేగా, రేపు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది లాగిన్ అవుతావా' అన్నాడు. బొప్పాయి ఆకు రసం కూడా ఇంటికి పంపించాడు. పానిక్ అటాక్ కంటే ఆ అబద్ధం మోయడమే ఎక్కువ టెన్షన్ అయింది.

గాడిదగుడ్డు | బుధవారం, 7:05

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టుంది మీ కథ. తప్పుగా అనుకోకండి గానీ, మా నాన్న నలభై ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవర్. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకుని కూడా డిప్రెషన్ అన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఏసీలో కూర్చునేవాళ్ళకే ఇవన్నీ. ఓ పది రోజులు ఊరెళ్ళి చెరువులో ఈత కొట్టి రండి.

పాత_లెడ్జర్ | బుధవారం, 7:40

కాలువగట్టు గారూ, నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. అందులో పదకొండేళ్ళు యూనియన్ పని. ఇలాంటి కేసులు చేత్తో చూశాను కాబట్టి సూటిగా చెబుతాను.

టైఫాయిడ్ కాగితం ఇవ్వొద్దు. నీతి కోసం చెప్పడం లేదు, మీ ఉద్యోగం కోసం చెబుతున్నాను. సెలవు మీద అనుమానమొస్తే బ్యాంకు మిమ్మల్ని తన డాక్టర్ దగ్గరికి పంపగలదు. అక్కడ టైఫాయిడ్ పరీక్ష రిపోర్టు అడిగితే ఏం చూపిస్తారు? జబ్బు వచ్చిందని ఎవరికీ చార్జిషీట్ రాదు, దొంగ సర్టిఫికెట్ ఇస్తే వస్తుంది. ఆ ఫిజీషియన్ కూడా మీతోపాటు ఇరుక్కుంటాడు.

ఇక ప్రమోషన్ సంగతి. తెలిసినా ఎవరూ ఏమీ అనరని నేను చెప్పలేను. అంటారు. ఇంటర్వ్యూలో అడగకపోవచ్చు గానీ టీ దగ్గర అంటారు. మా రోజుల్లో హైదరాబాద్ వాళ్ళు 'ఎర్రగడ్డకు పంపండి' అనేవాళ్ళు, విశాఖ వాళ్ళు 'చినవాల్తేరు కేసు' అనేవాళ్ళు. రెండూ మానసిక ఆసుపత్రులున్న చోట్లే. ఊళ్ళ పేర్లు మారాయంతే.

అయినా ఒకటి చదవండి. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో తీర్పు ఇచ్చింది. రవీందర్ కుమార్ ధరివాల్ కేసు అంటారు. ఆయనకు ఓసీడీ (ఒకే అనుమానం, ఒకే పని పదేపదే తిరిగొచ్చే జబ్బు), డిప్రెషన్ ఉన్నాయి. ఆయన మీద శాఖాపరమైన విచారణ మొదలుపెట్టారు. మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగి మీద అలా చర్యలకు దిగడం కూడా పరోక్ష వివక్ష కిందికే వస్తుందని కోర్టు ఆ విచారణను కొట్టేసింది. దానికి ఆధారం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. మీ కేసు అంతవరకు వెళ్ళదు, వెళ్ళకూడదు కూడా. కాగితం చూసి భయపడాల్సింది మీరొక్కరే కాదు, బ్యాంకు కూడా అని చెప్పడానికే ఇదంతా రాశాను.

టీచరమ్మ_కర్నూలు | బుధవారం, 9:15

గాడిదగుడ్డు గారూ, మీ నాన్నగారు ఆ మాట అనకపోవచ్చు. ఆయన ఇంటికొచ్చాక ఎలా ఉండేవారో మీ అమ్మగారిని అడిగారా?

మావారు కూడా బ్యాంకే. మందులు వాడుతున్న సంగతి మా అత్తగారికి తెలియకుండా బీ కాంప్లెక్స్ డబ్బాలో పోసుకునేవారు. ఎందుకంటే మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నారు. 'అన్నకు పిచ్చి' అన్న మాట ఒక్కసారి బయటికొస్తే చాలు కదా. ఒకరోజు అత్తగారే నీరసంగా ఉందని ఆ డబ్బాలోంచి ఒక మాత్ర వేసుకున్నారు. మధ్యాహ్నమంతా మంచం దిగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి. దయచేసి మందులు వేరే డబ్బాల్లో దాచకండి.

హెచ్‌ఆర్_అమ్మాయి | బుధవారం, 11:02

నేను ఒక ప్రైవేట్ కంపెనీలో హెచ్‌ఆర్. పాత లెడ్జర్ గారు చెప్పింది ప్రభుత్వ ఉద్యోగానికి సరిపోతుంది. ప్రైవేటులో అంత ధైర్యంగా చెప్పలేను. మా దగ్గర కాగితం మీద ఎవరూ వివక్ష చూపించరు. రేటింగ్‌లో ఒక అంకె తగ్గుతుంది, కారణం దగ్గర 'అందుబాటులో లేరు' అని ఉంటుంది.

అందుకే మావాళ్ళకు నేనిచ్చే సలహా ఏమిటంటే, సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కు ఈమెయిల్‌లో పంపండి. మేనేజర్‌కు 'డాక్టర్ సలహా మీద మెడికల్ లీవ్' అని ఒక్క ముక్క చాలు. జబ్బు పేరు టీమ్ గ్రూపులో పెట్టాల్సిన అవసరం లేదు. అబద్ధం ఆడటం, అంతా చెప్పడం, ఈ రెండింటి మధ్య చాలా చోటుంది.

ఇంకో మాట. కంపెనీల్లో ఉచిత కౌన్సెలింగ్ నంబర్ ఒకటి ఉంటుంది, ఈఏపీ అంటారు. మా ఆఫీసులో ఆ పోస్టర్ బాత్రూమ్ తలుపు వెనక అంటించారు. చేసినవాళ్ళ పేర్లు మేనేజర్‌కు వెళ్తాయని అందరికీ అనుమానం. మాకు నెలకు ఎంతమంది చేశారన్న లెక్క మాత్రమే వస్తుంది, పేర్లు రావు. మీ కంపెనీలో ఎలాగో అగ్రిమెంట్ అడిగి చూడండి.

కాలువగట్టు | బుధవారం, రాత్రి 10:30

అందరికీ థాంక్స్. పని చేయలేక ఇలా అయిందనే కదా లోకం అనుకునేది. డిప్రెషన్, యాంగ్జైటీ అని కాకుండా బర్న్‌అవుట్ అని రాయించుకుంటే కొంచెం గౌరవంగా ఉంటుందా? పేపర్లలో ఈ మాట బాగానే కనిపిస్తోంది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళకముందు మూడు నెలలు మెడికల్ షాపులో ఆల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర కొనుక్కుని వేసుకున్నాను. రోజూ రాత్రి ఒకటి. షాపతను మన ఖాతాదారుడే. ఈ సంగతి డాక్టర్‌కు చెప్పలేదు.

మందులచీటీ | గురువారం, 6:10

విశాఖలో సైకియాట్రీ చేస్తున్నాను. ఇక్కడ రాసేది మీ డాక్టర్ మాటకు బదులు కాదు, ముందే చెబుతున్నాను.

మొదట ఆ ఆల్ప్రాజోలం సంగతి. ఈరోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. మూడు నెలలు రోజూ వేసుకున్నది ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఎలాగో ఆయన చెబుతారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ మీద అమ్మినా రిజిస్టర్‌లో రాయాలి. మీ ఖాతాదారుడు మీకు ఉపకారం చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

గాడిదగుడ్డు గారికి కూడా ఇక్కడే ఒక మాట. కష్టజీవులకు ఇవేవీ ఉండవంటే, తెలంగాణలో కల్తీ కల్లులో ఇదే ఆల్ప్రాజోలం ఎందుకు కలుపుతారు? 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో కూలి పని చేసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దగ్గర ఈ బాధకు పేరు లేదు, అంతే తేడా.

బర్న్‌అవుట్ గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో దీన్ని చేర్చింది, నిజమే. కానీ జబ్బుగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, పని మీద విరక్తి, చేసిన పని పనికిరాదనిపించడం, ఈ మూడూ దాని లక్షణాలు. పని చోటు దాటి మిగతా జీవితానికి ఆ మాట వాడకూడదని కూడా అందులోనే ఉంది. అది జబ్బు కాదు కాబట్టి దాని పేరు మీద మెడికల్ సర్టిఫికెట్ రాయడం కుదరదు. మీకు గౌరవంగా అనిపించే మాట లీవ్ డిపార్ట్‌మెంట్‌లో చెల్లదు.

సర్టిఫికెట్‌లో మాత్రం జబ్బు చరిత్రంతా ఉండక్కర్లేదు. 'నా వైద్యంలో ఉన్నారు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విశ్రాంతి అవసరం' అంటే చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. మీ డాక్టర్‌ని అడిగితే అలా రాసిస్తారు. లెటర్‌హెడ్ మార్చమంటే మాత్రం మార్చలేం, మా డిగ్రీ అదే కదా.

చివరగా సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా?

కాలువగట్టు | గురువారం, 6:52

చచ్చిపోవాలని కాదు డాక్టర్ గారూ. పొద్దున లేవకపోతే బాగుండు అనిపించేది. మార్చి నెలాఖరులో రెండు మూడు సార్లు. ఇప్పుడు లేదు. ఎవరూ ఇలా అడగలేదు ఇంతవరకు.

మందులచీటీ | గురువారం, 6:58

ఇది కూడా మీ డాక్టర్‌కు చెప్పండి, సిగ్గుపడొద్దు. మళ్ళీ వస్తే రాత్రి ఎన్నింటికైనా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మీ భార్యకు కూడా ఈ నంబర్ ఇచ్చి ఉంచండి.

తాళం సంగతి వింటే అందరూ ఓసీడీ అంటారు. ఇక్కడ చదివి నేను పేరు పెట్టను. దేనికోసం వెనక్కి వెళ్తున్నారో, వెళ్ళకపోతే ఏమనిపిస్తుందో మీ డాక్టర్‌కు వివరంగా చెప్పండి.

గాడిదగుడ్డు | గురువారం, 8:30

సరే, నేను తొందరపడ్డాను. మా నాన్న సాయంత్రం పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అలసట అనుకునేవాళ్ళం.

గోంగూర_డల్లాస్ | గురువారం, 9:45

ఇక్కడ అమెరికాలో ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ అని చట్టం ఉంది. అర్హత ఉన్నవాళ్ళకు ఏడాదిలో 12 వారాలు సెలవు, మానసిక జబ్బులకు కూడా వర్తిస్తుంది. కానీ జీతం ఉండదు. వీసా మీద ఉన్నవాడు ఆ మాట ఎత్తడానికే భయపడతాడు. పచ్చగా కనిపిస్తుంది గానీ దగ్గరికొస్తే ఇదీ అంతే అని చెబుదామని.

నైట్‌షిఫ్ట్_నాని | గురువారం, మధ్యాహ్నం 1:15

ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2017 చట్టంలోనే శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని ఉంది. కంపెనీలు నాన్చుతుంటే 2022 అక్టోబరు 31 లోపు అమలు చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువు పెట్టింది. అయితే ఆసుపత్రిలో చేరితేనే ఉపయోగం. నెలనెలా డాక్టర్ ఫీజు, మందులకు నా పాలసీలో పైసా రాలేదు. ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి) ఉందో లేదో చూసుకోండి.

పాత_లెడ్జర్ | గురువారం, రాత్రి 9:10

మందుల గురించి డాక్టర్ గారు చెప్పారు, బాగుంది. కానీ ఒక మాట అనక తప్పదు. ముగ్గురు చేయాల్సిన పని ఇద్దరు చేస్తుంటే, అందులో ఒకడికి మాత్ర ఇచ్చి పంపితే పని తగ్గుతుందా? ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్న ఆ కుర్చీకి ఏ మాత్ర వేస్తారు?

కాలువగట్టు గారూ, మీరు సెలవు అడగలేకపోవడానికి అసలు కారణం లెటర్‌హెడ్ కాదని నా అనుమానం. తాళాలు. క్యాష్ సేఫ్ తాళాలు జాయింట్ కస్టడీలో ఉంటాయి, ఒకటి మీ దగ్గర, ఒకటి రెండో అతని దగ్గర. మీరు వెళ్తే మీ తాళం ఎవరికి ఇవ్వాలి? ఎవరూ లేరు. అందుకే జ్వరమొచ్చినా వెళ్ళి తలుపు తీస్తున్నారు. అవునా, కాదా?

అయితే ఇలా చేయండి. సెలవు అప్లికేషన్ చివర ఒక వాక్యం రాయండి: 'నా వద్ద ఉన్న తాళాలు ఎవరికి అప్పగించవలెనో తెలియజేయగలరు.' కాపీ మీ దగ్గర ఉంచుకోండి. స్టాఫ్ లేరని, ఒత్తిడి ఎక్కువైందని ఎన్ని ఉత్తరాలు రాసినా కదలని ఆఫీసు ఈ ఒక్క వాక్యానికి కదులుతుంది. మనిషి ఆరోగ్యం గురించి వాళ్ళకు ఫైలు లేదు. తాళాల గురించి ఉంది.

మరో సంగతి. సున్నితమైన పోస్టుల్లో ఉన్నవాళ్ళను ఏడాదిలో ఒకసారి, ముందు చెప్పకుండా, వరుసగా పది పని దినాలు సెలవు మీద పంపాలని ఆర్‌బీఐ 2021లో బ్యాంకులకు చెప్పింది. మోసాలు బయటపడటానికి పెట్టిన నియమం అది, మన నిద్ర కోసం కాదు. మీ పోస్టు మీ బ్యాంకు జాబితాలో ఉందేమో చూడండి. దొంగల కోసం పెట్టిన సెలవైనా సెలవే.

సిక్ లీవ్ సగం జీతం మీద వస్తుంది. సెలవు ఖాతాలో రెట్టింపు రోజులు కోయించుకుంటే పూర్తి జీతం తీసుకోవచ్చు. మళ్ళీ చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా ఈ డాక్టర్ దగ్గరే తీసుకోండి.

కాలువగట్టు | గురువారం, రాత్రి 11:20

అవును సార్. తాళాలే.

హెచ్‌ఆర్_అమ్మాయి | శుక్రవారం, 10:05

పాత లెడ్జర్ గారూ, ఆ వాక్యం మా దగ్గర కూడా పనికొస్తుందని ఇప్పుడే తట్టింది. 'నేను లేనప్పుడు ప్రొడక్షన్ యాక్సెస్ (నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళే అనుమతి) ఎవరికి ఇవ్వాలి' అని రాస్తే సాయంత్రంలోపు బ్యాకప్ మనిషి దొరుకుతాడు.

కాలువగట్టు | తర్వాతి బుధవారం, మధ్యాహ్నం 3:40

అప్‌డేట్. సైకియాట్రిస్ట్ సర్టిఫికెట్టే ఇచ్చాను, డాక్టర్ గారు చెప్పినట్టు జబ్బు పేరు లేకుండా రాయించుకుని. తాళాల వాక్యం కూడా రాశాను. మరుసటి రోజు పదకొండింటికి ఫోన్. ఎలా ఉన్నారని అడగలేదు. 'తాళాలు ఎప్పుడు అప్పగిస్తారు' అన్నారు. సోమవారం ఒక కుర్రాడు డెప్యుటేషన్ మీద వచ్చాడు. కీ రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి ఇచ్చేశాను.

జేబు తేలికగా ఉంది. చెయ్యి మాత్రం అలవాటుగా అక్కడికే పోతోంది.

మందులు మొదలుపెట్టి ఐదు రోజులైంది. కడుపులో తిప్పుతోంది, ఇంకా గాభరాగా ఉంది. ఆపేద్దామనిపిస్తోంది.

టీచరమ్మ_కర్నూలు | బుధవారం, సాయంత్రం 5:20

ఆపకండి. మావారు ఇలాగే ఆరో రోజు ఆపేశారు, రెండు నెలల తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఏదైనా తిన్న తర్వాత వేసుకోమన్నారు మా డాక్టర్.

మందులచీటీ | బుధవారం, రాత్రి 10:00

మేడమ్ చెప్పింది నిజం. ఈ మందులకు ముందు ఇబ్బందులు కనిపిస్తాయి, గుణం తర్వాత కనిపిస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. భరించలేనట్టుంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి, సొంతంగా ఆపొద్దు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, దానికి ఇప్పుడే సిద్ధపడండి. ఇవి ఆల్ప్రాజోలంలా అలవాటు పడే మందులు కావు.

పాత లెడ్జర్ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో కూడా ముందు పని ఏర్పాటు మార్చమనే ఉంది. నేను రాసే చీటీ మీద 'ఒక ఆఫీసర్, రోజూ ఉదయం పదింటికి' అని రాయలేను కదా.

కాలువగట్టు | ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తారేమోనని రాస్తున్నాను.

రెండు వారాలు పొడిగించి, మొత్తం ఐదు వారాలు సెలవు తీసుకున్నాను. గురువారం డ్యూటీలో చేరాను. సంగతి బయటికి పొక్కింది, దాచను. ఒక సహోద్యోగి ఫోన్ చేసి 'పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళావంటగా' అని నవ్వాడు. ఇంకొకాయన రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి పావుగంట ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడి, చివర్లో ఆ డాక్టర్ ఫీజు ఎంతని అడిగాడు. ప్రమోషన్ సంగతి వచ్చే ఏడాది తెలుస్తుంది.

డెప్యుటేషన్ కుర్రాడు శుక్రవారం వెళ్ళిపోయాడు. మూడో కుర్చీ మళ్ళీ ఖాళీ. అతను ఉన్నన్నాళ్ళు ఫైళ్ళు బీరువాలో సర్దాడు, నేను మళ్ళీ కుర్చీ మీదికి తెచ్చుకోలేదు. పోస్టు భర్తీ చేయమని పాత లెడ్జర్ గారు చూపించిన పద్ధతిలో ఉత్తరం పెట్టాను, నంబరు వేయించుకున్నాను.

వీసీ రాత్రి 8కే ఉంది. దడ ఉంది గానీ ఐదింటి నుంచి కాదు, ఏడున్నర నుంచి.

శుక్రవారం తాళం వేశాక మూడు కిలోమీటర్ల దగ్గర బండి ఆపాను. వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. నిన్న కూడా అక్కడే ఆగాను. కాసేపు నిలబడి, కాలువలో గేదెలను చూసి, ఇంటికి వచ్చేశాను.

పాత_లెడ్జర్ | ఆదివారం, రాత్రి 8:31

ఆ ఉత్తరం నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి. నెలకోసారి దాన్ని ఉటంకిస్తూ రిమైండర్ పంపండి.